యేసురాజు సర్దిన పెట్టె

తాతారావు గుమ్మం బయట చెప్పులు విడుస్తుండగానే మేబెల్ అతని చేతివైపు చూసింది. గడియారం ఉంది, నల్ల పట్టీది. తన భర్త గడియారానిది గోధుమరంగు పట్టీ. పట్టీ మార్చుకోవడం ఎంతసేపు పని, అనుకుంది మనసులో.

యేసురాజును ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు అంబులెన్సులో వెంట వచ్చినవాళ్లలో తాతారావు ఒకడు. ఆ రోజు తర్వాత యేసురాజు మంచి గడియారం మళ్లీ కనపడలేదు. వార్డులో తుడిచే మనిషి తీసిందని కొన్నాళ్లు, పక్క మంచం రోగి తాలూకువాళ్లు తీశారని కొన్నాళ్లు అనుకుంది మేబెల్. ఎవరినీ అడగలేదు. మొగుడు పోయిన బాధకంటే గడియారం పోయిన బాధ ఎక్కువైందా అంటారని భయం. కానీ ఇంటికి ఎవరొచ్చినా ఆమె కన్ను ముందు వాళ్ల మణికట్టు మీదికే పోయేది.

"వందనాలు వదినగారూ" అన్నాడు తాతారావు.

తాతారావువాళ్లు విశాఖపట్నం వైపు హిందువులు. వాళ్ల ఇళ్లల్లో ఆ మాట ఉండదు. యేసురాజుతో కలిసి పని మొదలుపెట్టిన కొత్తలో నేర్చుకుని, ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా అలాగే పలకరించేవాడు. అప్పట్లో ముచ్చటగా ఉండేది. సమాధి రోజు తర్వాత దాదాపు ఏడాదిగా గడప తొక్కని మనిషి ఇవాళ వచ్చి వందనాలంటే, ఏదో పని ఉండే అన్నాడనిపించింది.

సీతాఫల్‌మండిలో రైలు కూత వినపడేంత దగ్గరలో ఆ ఇల్లు. ముందుగదిలో గోడకు యేసురాజు ఫొటో, దాని కింద బల్లమీద పాత దుప్పటి కప్పిన కంప్యూటరు. వచ్చినవాళ్లెవరైనా ముందు ఫొటో చూసి, కాసేపు తలొంచుకుని, తర్వాత కూర్చుంటారు. తాతారావు ముందు దుప్పటిని చూశాడు. ఆ తర్వాత గుర్తొచ్చినట్టు ఫొటోను చూశాడు. మేబెల్ అది గమనించి కూడా గమనించనట్టే టీ పెట్టడానికి లోపలికి పోయింది.

"రాంగోపాల్‌పేట్ రఘునాథ్ తెలుసు కదండీ, రంగుల షాపు" అన్నాడు తాతారావు గ్లాసు అందుకుంటూ. "ఆయన షాపులో పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్త కంప్యూటర్ పెట్టి, కొత్త ప్రోగ్రాం రాసి ఇచ్చాం. రంగులు తప్పొస్తున్నాయండీ."

"మీ ప్రోగ్రాం తప్పొస్తే నేనేం చెయ్యను తాతారావుగారూ?"

"తప్పు మాది కాదు వదినగారూ. అది చెప్పడానికే వచ్చాను. పైన అంతా మాదేగానీ, లోపలి లెక్క అన్నయ్యదే కదా."

ఆ లోపలి లెక్క సంగతి మేబెల్‌కు కొంత తెలుసు. రంగుల షాపులో కొనేవాడు అట్టమీద ఒక రంగు చూపిస్తే, తెల్లరంగు డబ్బాలో పసుపు ఎన్ని చుక్కలు, ఎరుపు ఎన్ని, నలుపు ఎన్ని పడాలో కంప్యూటరు చెబుతుంది. మిషను ఆ ప్రకారం చుక్కలు వేస్తుంది. ఏ రంగుకు ఎన్ని చుక్కలన్న లెక్కంతా యేసురాజు మూటగట్టి పెట్టాడు. వాళ్ల భాషలో దాన్ని లైబ్రరీ అంటారు. అందులో పుస్తకాలేమీ ఉండవు. వేరే ప్రోగ్రాం ఎవరిదైనా సరే, దాన్ని పిలిచి ఫలానా రంగుకు ఎన్నేసి చుక్కలని అడిగితే జవాబు ఒక వరసలో పెట్టి ఇస్తుంది.

మనిషి రాసినదాన్ని కంప్యూటరు ఉన్నదున్నట్టు చదవలేదు. కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం దాన్ని రుబ్బి, యంత్రానికి పనికొచ్చేలా చేసి ఇస్తుంది. రుబ్బిన పచ్చట్లోంచి కొబ్బరిముక్క తిరిగి రాదు. అలాగే రుబ్బిన ప్రోగ్రాంలోంచి మనిషి రాసిన వాక్యాలు తిరిగి రావు. యేసురాజు రాసిన అసలుది పద్మారావు నగర్‌లోని తాతారావు ఆఫీసులో ఉండేది. ఒక వానాకాలం ఆ ఆఫీసులోకి నీళ్లొచ్చి, అది ఉన్న డిస్కు పాడైపోయింది. మిగిలింది రుబ్బినది ఒక్కటే. దాన్నే ఇన్నేళ్లూ వాడుకుంటూ వచ్చారు.

"రెండు రంగులు కలిపేవి చక్కగా వస్తున్నాయి" అన్నాడు తాతారావు. "మేం ముందు పరీక్ష చేసినవన్నీ అవే. మూడో రంగు పడాల్సిన చోట పడట్లేదు. ముందు అంతా బాగున్నట్టు కనపడాలి, తీరా కొన్నవాడి గోడమీద తేలాలి. దానంతటదే అయ్యే పనేనా అది, మీరే చెప్పండి? అన్నయ్య లోపల ఏదో పెట్టి పోయాడు."

మేబెల్ అతని చేతిలోంచి గ్లాసు లాక్కుంది. అందులో ఇంకా సగం టీ ఉంది.

"తాగడం అయిపోయినట్టుంది మీకు" అంది.

"కోపం తెచ్చుకోకండి. ఆ కంప్యూటర్ ఒక్కసారి మా ఆఫీసుకు పంపించండి. మావాళ్లు చూసి..."

"పంపించను."

"మరేటి చెయ్యమంటారు? షాపులవాళ్లందరికీ ఉన్నమాట చెప్పుకోవాల్సొస్తుంది నేను. నా పేరు ఎందుకు పోగొట్టుకోను?"

"ఇన్నేళ్లూ ఆ ప్రోగ్రాం తెరిస్తే మీ పేరొక్కటేగా కనపడేది. అప్పుడు ఆయన పేరు గుర్తు రాలేదే?"

తాతారావు లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. తాతారావుకూ యేసురాజుకూ చెడింది అక్కడే. ప్రోగ్రాం తెరవగానే వచ్చే పేజీమీద తాతారావు తన పేరొక్కటే వేసుకున్నాడు. యేసురాజు ఏమీ అనకుండా ఆఫీసుకు వెళ్లడం మానేసి, ఇంట్లోనే చిన్నాచితకా ప్రోగ్రాంలు రాసుకుంటూ బతికాడు.

తాతారావు అన్నంతపనీ చేశాడు. రంగుల షాపులో అన్న మాట చర్చిదాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు, ఎందుకంటే చర్చి గోడలకు రంగు రఘునాథ్ దగ్గరే కొంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద వీరయ్యగారు మెట్లమీద మేబెల్‌ను ఆపి, గొంతు తగ్గించి, "ఏదో విన్నానమ్మా. నిజం కాదని నేననుకుంటున్నాలే" అన్నారు. నిజం కాదన్న మాట అంత మెల్లగా ఎందుకు చెప్పాలో మేబెల్‌కు అర్థం కాలేదు.

ఇంకొన్నాళ్లలో ఏడాది జ్ఞాపకార్థ కూడిక. ఆ లోపల సమాధిమీద రాయి నిలబెట్టాలి. రాయి చెక్కే తుకారాంకు మేబెల్ ముందే చెప్పింది, యేసురాజు పేరు కింద "నమ్మకస్తుడు" అని ఒక్క మాట చెక్కమని. బైబిలు వచనం గిచనం వద్దంది. సోమవారం తుకారాం ఫోను చేశాడు.

"పేరు అయిపోయిందమ్మా. గిప్పుడు ఆ మాట షురూ చేస్తున్న."

మేబెల్ ఫోను చెవిదగ్గర పెట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, ఇంటున్నవా?"

"ఆ మాట కాస్త ఆపు బాబూ" అంది.

"ఎందుకమ్మా? ఇంకో మాట రాయాల్నా?"

"ఏమీ రాయకు. నేను చెప్పేదాకా ఆగు."

ఫోను పెట్టేసింది. తాతారావు అన్నప్పుడు గ్లాసు లాక్కుంది. వీరయ్యగారు అన్నప్పుడు మొహం తిప్పుకుంది. మరి ఇప్పుడు రాయిమీద ఆ మాట ఆపమన్నది ఎవరు?

ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. ఆఫీసు మానేసి వచ్చిన రోజు యేసురాజు చొక్కా కూడా విప్పకుండా మంచంమీద కూర్చుని, "నేను లేని రోజున తెలుస్తుంది వాడికి" అన్నాడు. ఆ రోజు ఆమె చేపల పులుసు పొయ్యిమీద పెట్టి, ఆ మాట సగం విని వదిలేసింది. ఇప్పుడు అదే మాట పొద్దున బియ్యం కడుగుతుంటే వినపడుతోంది, బట్టలు ఆరేస్తుంటే వినపడుతోంది. ఏం తెలుస్తుంది? ఏం పెట్టావయ్యా లోపల?

ఒకసారి అనుమానం వచ్చాక అది ఒక్కచోట ఆగదు. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని తనలో తాను నవ్వుకోవడం గుర్తొచ్చింది. తను టీ తీసుకెళ్తే చటుక్కున తెర మార్చినట్టు కూడా గుర్తొచ్చింది. నిజంగా మార్చేవాడో, ఇప్పుడు తను కల్పించుకుంటోందో తెలియలేదు. కూతురు ఫెయిత్ ఫోనులో, "అమ్మా, ఆ డబ్బా పాతసామాన్లవాడికి వేసెయ్, పీడా పోతుంది" అంది. మేబెల్ దుప్పటి అంచులు ఇంకాస్త లోపలికి దోపింది.

చివరికి కళ్లతో చూస్తే తప్ప కుదిరేట్టు లేదనుకుని, ఒక మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్ వెళ్లింది.

రఘునాథ్ ఆమెను చూడగానే గల్లాపెట్టె వెనకనుంచి లేచాడు. లావుపాటి మనిషి. మోచేతులదాకా రంగు మరకలు.

"రాండ్రి మేడం, కూసోండ్రి. మీ సారు పోయినంక నా షాపుకు కళ పోయింది. ఈ కొత్త ప్రోగ్రాం వచ్చినంక షాపే పోయేటట్టుంది" అన్నాడు.

"ఏం జరిగిందో నాకు చూపించు రఘునాథ్."

"ఏం చూపియ్యాలె? ఒకాయన తేనె రంగు అడిగిండు. ఆయన హాలు చూస్తే నారింజపండు పొట్టు తీసినట్టుంది. ఇంకొకాయనకు నెమలి రంగు కలుపుతుంటే నలుపు పడుడు ఆగలే. డబ్బా పొంగి, బల్ల పొంగి, నా కాళ్లమీద పడింది. కరెంటు పీకినంక ఆగింది. మా ఇంటామె నన్ను గడపలనే నిలబెట్టి, ఎవలింటి దొంగవురా అన్నది."

లోపల మిషను పక్కన ముక్కాలి పీటమీద ఒక అమ్మాయి ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. కొత్త ప్రోగ్రాం రాసింది తానేననీ, పేరు పూజిత అనీ చెప్పింది. తాతారావు మనిషి అనగానే మేబెల్ కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"ఆంటీ, చూడండి" అంటూ పూజిత గంధం రంగు కలిపి చూపించింది. పసుపు పడింది, ఎరుపు పడింది. అచ్చం అట్టమీద ఉన్న గంధమే వచ్చింది. తర్వాత తేనె రంగు పెట్టింది. పసుపు పడింది. ఎరుపు పడింది. నలుపు పడాల్సిన గొట్టం దగ్గర మిషను ఏమీ వేయకుండానే ఆగిపోయింది. డబ్బాలో రంగు మండుతున్నట్టుంది.

మేబెల్ ఆ డబ్బాను చాలాసేపు చూసింది. తాతారావు అబద్ధం చెప్పాడనుకుంటే మనసుకు హాయిగా ఉండేది. అతను అబద్ధం చెప్పలేదు.

"మీ కంప్యూటరుదే తప్పేమో" అంది.

"అయ్యుండొచ్చు ఆంటీ. నాది తప్పో, అంకుల్‌ది తప్పో ఒక్క చోటే తెలుస్తుంది. అంకుల్ కంప్యూటర్లో పాత కంపైలర్ ఉందంట కదా. ఆ లైబ్రరీని అక్కడ ఒకసారి నడిపి చూస్తే..."

"అక్కడా తప్పే వస్తే?"

పూజిత లాప్‌టాప్ మూసింది. తర్వాత, "అప్పుడు అంకుల్‌దే అని నేను చెప్పాల్సొస్తుంది" అంది.

తీపి మాటలు చెప్పి ఉంటే మేబెల్ అక్కడినుంచి లేచి వచ్చేసేదే. ఆ అమ్మాయి చెప్పలేదు. అందుకని ఇంకాసేపు కూర్చుంది.

"కంప్యూటరు నా గుమ్మం దాటదు" అంది చివరికి. "చూసేదేదో నా ఇంట్లో, నా కళ్లముందు చూడండి. తాతారావుగారినీ రమ్మను. రఘునాథ్, నువ్వూ రా."

"నేనెందుకు మేడం? కంప్యూటర్ అంటే నాకు బుగులు."

"ఏది సరైన అంకో నీకు తెలుసుగా. వాళ్లు నాకు ఏది చూపించినా తల ఊపాల్సిందే కదా నేను."

రఘునాథ్ నవ్వాడు. "తేనె రంగు లెక్క నిద్రల లేపి అడిగినా చెప్త. పసుపు నలభై, ఎరుపు పద్దెనిమిది, నలుపు ఆరు."

వాళ్లు వచ్చిన రోజు పొద్దున మేబెల్ ముందుగదిని రెండుసార్లు తుడిచింది. దుప్పటి తీసి మడత పెట్టేటప్పుడు చేతులు కాసేపు ఆగిపోయాయి. ఇప్పుడైనా వద్దని చెప్పొచ్చు. చెబితే, ఆయన పేరుమీద ఈ మచ్చ అలాగే ఉంటుంది, కానీ ఖాయం కాదు. ఇది తిప్పాక తప్పు వస్తే, వాళ్లందరి ముందూ ఖాయమైపోతుంది. తన ముందు కూడా.

తనే మీట నొక్కింది.

కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ చాలాసేపటికి లేచింది. పూజిత వెతికి, యేసురాజు తన లైబ్రరీని పరీక్షించుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాం పట్టుకుంది. తాతారావు కుర్చీ అంచున కూర్చున్నాడు. రఘునాథ్ నిలబడే ఉన్నాడు. మేబెల్ తెర చూడలేక ఫొటో చూస్తోంది.

"తేనె రంగు" అంది పూజిత. ఆ తర్వాత అంకెలు చదివింది. "పసుపు నలభై. ఎరుపు పద్దెనిమిది. నలుపు... ఆరు."

"అరె, బరాబర్!" అని రఘునాథ్ బల్లమీద చరిచాడు. కంప్యూటరు ఆగిపోతుందేమోనని అందరూ ఒకేసారి అతని చెయ్యి పట్టుకున్నారు.

నెమలి రంగు కూడా సరిగ్గానే వచ్చింది. మేబెల్ ఊపిరి వదిలింది. కానీ ఆ ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే ఇంకో ఆలోచన వచ్చింది. సరిగ్గా అదే ఆలోచన తాతారావు నోట వినపడింది.

"చూశారా! ఆయన మిషన్లో అయితే ఆడుతుంది. మన దాంట్లో ఆడదు. తన దగ్గర తప్ప ఇంకెక్కడా ఆడకుండా కట్టడి చేశాడన్నమాట. నేనన్నది ఇదే!"

"ఊకోండ్రి సార్, జెర ఆగుండ్రి" అన్నాడు రఘునాథ్. కానీ అతని గొంతులోనూ అనుమానం దూరింది.

నేను లేని రోజున తెలుస్తుంది వాడికి. మేబెల్ గోడకు ఆనుకుంది. మొగుడి ఫొటో చూడలేకపోయింది. లోపల ఒకమూల, తెలివిగానే చేశావయ్యా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పూజిత వాళ్ల మాటలు వినలేదు. పాత కంపైలర్ తెరిచి, ఒక్కొక్క పేజీ తిప్పుతూ, ఒకచోట ఆగి ముందుకు వంగింది. తర్వాత తన లాప్‌టాప్ తీసి ఏదో ఒక వరస చేర్చింది. చేర్చి, నడిపి, తెరను రఘునాథ్ వైపు తిప్పింది.

"ఇది నా కొత్త కంప్యూటర్ అన్నా. అదే లైబ్రరీ. చదువు."

"నలభై. పద్దెనిమిది. ఆరు" అని చదివాడు రఘునాథ్. "గిదెట్లయింది?"

"ఏం మార్చావమ్మా లోపల?" అన్నాడు తాతారావు అనుమానంగా.

"లోపల ఏం ముట్టుకోలేదు సార్. లోపల ఏ కట్టడీ లేదు, ఉంటే నా దగ్గర ఇప్పుడూ ఆడేది కాదు. నేను చదివే పద్ధతి మార్చా, అంతే." పూజిత మేబెల్ వైపు తిరిగింది. "ఆంటీ, లైబ్రరీ జవాబును ఒక వరసలో పెట్టి ఇస్తుంది. ముందు పసుపు, తర్వాత ఎరుపు. తర్వాత ఒక చిన్న గుర్తు, డబ్బాలో ఉన్నది ఏ రకం తెలుపో చెప్పడానికి. ఆ తర్వాత నలుపు, నీలం. అంకెలకు పెద్ద చోటు కావాలి, గుర్తుకు చిటికెడు చోటు చాలు. నా కంపైలర్ ఏం చేస్తుందంటే, ఆ చిన్న గుర్తు పక్కన కొంచెం ఖాళీ వదిలి, ఆ తర్వాత నలుపు ఉంటుందనుకుంటుంది. అంకుల్ కంపైలర్లో ఖాళీ వదలొద్దని పెట్టుకున్నారు. గుర్తుకు ఆనించి నలుపు పెట్టేశారు."

"అయితే?"

"నేను ఖాళీ దాటి చెయ్యి పెడుతున్నా. అక్కడ నలుపు లేదు, అది అంతకుముందే అయిపోయింది. నీలం కూడా ఉన్నచోట అయితే, నీలం తీసుకొచ్చి నలుపు అనుకుంటున్నా, అది కూడా సగం సగం పట్టుకుని. అందుకే డబ్బా పొంగింది."

"పేర్లు చూసుకోదా?"

"పేర్లుండవు ఆంటీ, రుబ్బాక పేర్లన్నీ పోతాయి. ఎన్నో చోట ఉందన్నదే లెక్క. కళ్లు మూసుకుని అలమరలో చెయ్యి పెట్టినట్టు."

అది మేబెల్‌కు బాగా తెలిసిన సంగతి. కరెంటు పోయినప్పుడు తన వంటింట్లో తన చెయ్యి నేరుగా ఉప్పుమీదికే పోతుంది. ఫెయిత్ వచ్చి సర్ది వెళ్లాక మాత్రం అదే చెయ్యి కారంలో పడుతుంది. ఉప్పూ తప్పు చేయలేదు, చెయ్యీ తప్పు చేయలేదు.

"మరి ఖాళీ వదల్లేదని ఒక్కమాట చెప్పి ఉండాల్సింది కదా ఆయన!" అన్నాడు తాతారావు. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"పిలిచేదీ పలికేదీ రెండూ ఒకే కంపైలర్‌తో చేసినన్నాళ్లూ చెప్పాల్సిన పని రాలేదు సార్. మనకు మిగిలిన ఫైల్లో ఇది రాసి లేదు, ఇక్కడ సెట్టింగుల్లో ఉంది. ఇంకో కంపైలర్‌తో పిలిచే ముందు నేనూ ఇది చూసుకోవాల్సింది."

"ఎందుకట్ల ఖాళీ లేకుండ వెట్టిండు సారు?" అన్నాడు రఘునాథ్.

"అప్పటి కంప్యూటర్లలో చోటు తక్కువ అన్నా. కొందరు అలా..." పూజిత మాట పూర్తి కాకముందే మేబెల్ నవ్వింది. ఏడాదిలో ఆ గదిలో నవ్వు వినపడడం అదే మొదలు. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చోటు కోసం కాదమ్మా. ఆయన అంతే" అంది.

యేసురాజుది నర్సాపురం వైపు. చిన్నతనమంతా మిషనరీల హాస్టల్లో గడిచింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్క రేకు పెట్టె. బట్టలు, పుస్తకాలు, పళ్లెం, అమ్మ ఇచ్చిన పచ్చడి సీసా అన్నీ అందులోనే పట్టాలి. పట్టనిది వార్డెనుగారు బయట పారేసేవారు. పెళ్లయ్యాక కూడా ప్రయాణమంటే పెట్టె ఆయనే సర్దాలి. గ్లాసులో మేజోళ్లు దూర్చేవాడు, మేజోళ్లలో దువ్వెన దూర్చేవాడు. ఎక్కడైనా వేలు పట్టేంత ఖాళీ కనపడితే అక్కడ జేబురుమాలు మడిచి కుక్కేదాకా ఆయనకు మనసు ఊరుకునేది కాదు. రైల్లో మేబెల్ ఏదైనా కావాలని పెట్టె తెరిస్తే ఏదీ దొరికేది కాదు. "చూడొద్దు, చెయ్యి పెట్టు. కుడి మూల, రెండో వరస" అనేవాడు పై బెర్తుమీదనుంచి. ఆమె చెయ్యి పెడితే సబ్బు వచ్చేది. ఆయన దిగివచ్చి చెయ్యి పెడితే అడిగిందే వచ్చేది. ఎక్కడ ఏముందో అందరికీ తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. అందుకే ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఈ సంగతి ఆమె చెబుతుంటే తాతారావు తలొంచుకుని విన్నాడు. "ఆఫీసులో టిఫిను డబ్బా కూడా అలాగే తెచ్చేవాడు. ఇడ్లీల మధ్య సందులో చెట్నీ పొట్లం" అన్నాడు మెల్లగా. తర్వాత, "రఘునాథ్‌కి ఇప్పుడే తెలిసిపోయింది. మిగతా షాపులకు నేనే వెళ్లి చెబుతాను వదినగారూ. ఎక్కడెక్కడ అన్నానో అక్కడికల్లా" అన్నాడు.

"చర్చిమెట్ల దగ్గరకి కూడా రండి. వీరయ్యగారికి చెవి బాగానే వినపడుతుంది, అయినా కాస్త గట్టిగానే చెప్పండి" అంది మేబెల్.

"వస్తానండి. ఆ మొదటి పేజీమీద పేరు కూడా..."

"అది మీ ఇష్టం" అంది. ఈసారి టీ గ్లాసు నిండుగా ఇచ్చింది. అతను మొత్తం తాగేదాకా చూసింది. మణికట్టు వైపు ఇంకోసారి కన్ను పోయింది, అలవాటు కొద్దీ.

వాళ్లు వెళ్లాక మేబెల్ మంచం కిందికి వంగి రేకు పెట్టెను బయటికి లాగింది. నర్సాపురంలో సువార్త కూటాలకు వెళ్లాలని యేసురాజు చివరిసారి సర్దిన పెట్టె అది. పెట్టె మూసి తాళం వేసిన సాయంత్రమే ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. అప్పటినుంచి దాన్ని తెరవడానికి ఆమెకు చేతులు రాలేదు.

తాళం తీసి మూత ఎత్తితే ఎక్కడా సందు లేదు. చూడొద్దు, చెయ్యి పెట్టు అనుకుని కళ్లు మూసుకుంది. కుడి మూల, రెండో వరస. స్టీలు గ్లాసు తగిలింది. గ్లాసులో మేజోళ్లు. మేజోళ్ల లోపల ఏదో గట్టిగా ఉంది. బయటికి తీస్తే గోధుమరంగు పట్టీ కనపడింది.

కూటాలకు పెట్టుకోవాలని దాచుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన చేతికి గడియారం లేనే లేదు. వార్డులో తుడిచే మనిషి, పక్క మంచంవాళ్లు, తాతారావు, ఒక్కొక్కరి మొహమూ ఆమె కళ్లముందు తిరిగింది. వాళ్లెవరికీ తను అనుమానించిన సంగతి తెలియదు. తెలియకపోవడమే మంచిదైందనుకుని, గడియారం ఒళ్లో పెట్టుకుని పొద్దు వాలేదాకా నేలమీద కూర్చుంది.

నేను లేని రోజున తెలుస్తుంది వాడికి అని ఆయన ఎందుకన్నాడో మాత్రం ఆమెకు ఇప్పటికీ తెలియదు. బాధలో ఉన్న మనిషి అన్న మాట అని సరిపెట్టుకుంది. ఒక్కోసారి సరిపడుతుంది, ఒక్కోసారి సరిపడదు.

మర్నాడు తుకారాం దగ్గరకు తానే వెళ్లింది. రాళ్ల ముక్కల మధ్య నల్లరాయి పరిచి ఉంది, యేసురాజు పేరు వరకు చెక్కి.

"ఇప్పుడన్న రాయాల్నా అమ్మా ఆ మాట?"

"రాయి బాబూ. అదే మాట."

తుకారాం ఉలి పక్కన పెట్టి, కొంచెం జంకుతూ అడిగాడు. "ఏమనుకోకు. కింద నీ పేరుకు సుత జాగ వదుల్తరు శానామంది. మల్ల ఇంకో రాయి తక్లీఫ్ ఉండదు."

"వదులు."

అతను సుద్దముక్క తీసుకుని, యేసురాజు పేరు కింద ఆ మాట రాసి, దానికి చాలా కిందగా, మధ్యలో బాగా ఎడం వదిలి ఒక గీత గీశాడు. "గీడికెల్లి నీది వస్తది" అన్నాడు.

మేబెల్ రాయిపైకి వంగి చూసింది. కొంగు చివరతో ఆ గీతను తుడిచేసింది. సుద్దముక్క అతని చేతిలోంచి తీసుకుని, ఆయన మాటకు ఆనించి, వేలు కూడా పట్టని దగ్గరలో తనే ఇంకో గీత గీసింది.